అతివాహకాన్ని కదిపితే మోగేదేమిటి?

కంచు గంటను ఎంతసేపు చూసినా దాని శ్రుతి తెలియదు. కొట్టాలి. అతివాహకం, అంటే సూపర్‌కండక్టర్, విషయంలో భౌతికశాస్త్రం చాలాకాలం చూపుతోనే సరిపెట్టుకుంది. 1911లో లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ ప్రయోగశాలలో పాదరసం 4.2 కెల్విన్ దగ్గర విద్యుత్ నిరోధాన్ని పోగొట్టుకుంది. 1933లో మైస్నర్, ఓషెన్‌ఫెల్డ్ అది అయస్కాంత క్షేత్రాన్ని తనలోంచి బయటికి నెట్టేస్తుందని కనిపెట్టారు. పాఠ్యపుస్తకాల్లో మొదట కనిపించే ఈ రెండు గుణాలూ కుదురుగా, సమతాస్థితిలో ఉన్న అతివాహకానివే. ఆ పదార్థాన్ని లోపలి ఎలక్ట్రాన్లు సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా ఒక్కసారిగా కుదిపితే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న.

దానికి ఒక సొంత శ్రుతి ఉంటుందని సిద్ధాంతం 1958 నాటికే చెప్పింది. మామూలు లోహపు అతివాహకంలో ఆ శ్రుతి నేరుగా వినిపించింది మాత్రం 2013లో, టోక్యోలో. ఈ మధ్య గడిచిన 55 ఏళ్ళకు కారణం పరికరాల కొరత ఒక్కటే కాదు. ఆ ప్రకంపనకు కాంతి కంట పడని స్వభావం పుట్టుకతోనే ఉంది. తీరా వినిపించాక, విన్నది దాని గొంతేనా అన్న తగవు మొదలైంది. ఆ తగవులో నిర్ణయాత్మక పాత్ర లోహంలోని మలినాలదని తేలడం ఈ కథలో అన్నిటికంటే రుచికరమైన మలుపు.

సీసా అడుగున గోళీ

1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం, చల్లటి లోహంలో అణుజాలపు కంపనాల మధ్యవర్తిత్వంతో ఎలక్ట్రాన్లు జతలు కడతాయి. జత అనగానే చేతులు పట్టుకుని విడిగా నడిచే ఇద్దరిని ఊహించుకుంటే పొరపాటు. అల్యూమినియం వంటి లోహంలో ఒక్క జత పరుచుకున్న మేరలోనే లక్షల సంఖ్యలో ఇతర జతలు ఉంటాయి. ఇది కోలాటం లాంటి వ్యవహారం. చుట్టు తిరిగేకొద్దీ ఎవరికి ఎవరు జోడీయో మారిపోతూ ఉంటుంది, ఆట మాత్రం చెదరదు.

ఆ ఆటను మొత్తంగా వర్ణించడానికి రెండు సంఖ్యలు చాలు. ఒకటి, జతల కట్టు ఎంత బలంగా ఉందో చెప్పే పరిమాణం. రెండోది, అందరూ కలిసి ఏ అడుగు మీద ఉన్నారో చెప్పే ఫేజ్. వీటి శక్తి లెక్కను బొమ్మ గీస్తే గాజు సీసా అడుగులా వస్తుంది: మధ్యలో పైకి ఉబ్బు, దాని చుట్టూ గుండ్రంగా గాడి. గోళీ ఉబ్బు మీద నిలవదు. జారి గాడిలో ఎక్కడో ఒకచోట ఆగుతుంది. గాడి ఉబ్బుకు ఎంత దూరంలో ఉందన్నది జతల బలం. గోళీ గాడిలో ఏ వైపున ఆగిందన్నది ఫేజ్.

ఇప్పుడు గోళీని తాకితే అది రెండు రకాలుగా కదలగలదు. గాడి వెంబడి దొర్లడం ఒకటి. దానికి ఖర్చేమీ ఉండకూడదు, ఎందుకంటే గాడి అంతా ఒకే ఎత్తు. కానీ ఎలక్ట్రాన్లకు విద్యుదావేశం ఉంది. ఫేజ్‌లో అలలు లేస్తే ఒకచోట ఆవేశం పోగవుతుంది, ఆ పోగు దూరదూరాల దాకా వికర్షిస్తుంది. అందువల్ల ఖర్చు లేని ఈ కదలిక కాస్తా లోహపు ప్లాస్మా పౌనఃపున్యం (లోహంలోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగే వేగం) దాకా, అంటే జతల బలానికి వేల రెట్ల ఎత్తుకు, వెళ్ళిపోతుంది. ఫిలిప్ ఆండర్సన్ 1963లో ఈ సంగతిని విడమరచి, కణభౌతికంలోనూ ఇలాంటిది జరగవచ్చని సూచించాడు. మరుసటి ఏడాది హిగ్స్ ఒకవైపు, ఎంగ్లర్ట్, బ్రౌట్ ఒకవైపు, గురాల్నిక్, హేగన్, కిబుల్ మరోవైపు దాన్ని సాపేక్షతకు లోబడిన రూపంలో రాశారు.

రెండో కదలిక గాడి గోడల మీదికి ఎక్కి దిగడం. ఫేజ్ మారదు, జతల బలం పెరుగుతూ తరుగుతూ ఊగుతుంది. దీన్నే ఇప్పుడు అతివాహకంలో హిగ్స్ మోడ్ అంటున్నారు. 2012లో జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో దొరికిన హిగ్స్ బోసాన్ అనే కణానికీ దీనికీ గణితం ఒక కుటుంబానిదే. శక్తిలోనే ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. అక్కడ 125 గిగా ఎలక్ట్రాన్‌వోల్టులు, నియోబియం నైట్రైడ్ లాంటి అతివాహకంలో సుమారు 5 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. రెంటి మధ్య 25 లక్షల కోట్ల రెట్ల తేడా. కాలక్రమం ప్రకారం చూస్తే అతివాహకాల్లోని ఈ ఊపుకు హిగ్స్ పేరు పెట్టడం మనవడి పేరు తాతకు పెట్టినట్టే ఉంటుంది. కానీ పేరు స్థిరపడిపోయింది, ఇక మారేది కాదు.

కాంతికి అందని కదలిక

ఈ ఊపు కనబడకుండా ఉండడానికి కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. మొదటిది, దీనికి ఆవేశం లేదు, దిక్కు లేదు. కాంతి అంటే దిక్కున్న విద్యుత్ క్షేత్రం. అది పట్టుకుని లాగడానికి ఏదో ఒక పిలక దొరకాలి. జతల బలం పెరగడం తరగడం అన్న మార్పుకు కుడి ఎడమలు లేవు కాబట్టి, మామూలు కాంతి శోషణలో అది లెక్కకే రాదు.

రెండోది దాని ఇంటి చిరునామా. జతల బలాన్ని శక్తిగా కొలిస్తే వచ్చే సంఖ్యను గ్యాప్ అంటారు. ఒక జతను విడగొట్టడానికి కావలసిన కనీస శక్తి గ్యాప్‌కు రెట్టింపు. హిగ్స్ మోడ్ శక్తి కూడా సరిగ్గా అంతే. అంటే అది చెరువు గట్టు అంచున కూర్చుంది. రవ్వంత ఊగితే చాలు, ఆ శక్తి విడిపోయిన ఎలక్ట్రాన్ల గుంపులోకి జారిపోవచ్చు. ఇక మూడోది వేగం: ఒక ఊపు పూర్తికావడానికి పట్టేది సుమారు ఒక పికోసెకను, సెకనులో లక్ష కోట్ల వంతు.

అయినా ఒక పదార్థంలో ఇది ముందే దొరికింది, అదీ ఎవరూ వెతకనప్పుడు. 1980లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సూర్యకుమార్, క్లైన్ నియోబియం డైసెలినైడ్ మీద రామన్ పరిక్షేపణ (పదార్థం చెదరగొట్టిన కాంతి రంగులో వచ్చే మార్పు) కొలతలు చేస్తుంటే, అతివాహక స్థితిలో గ్యాప్ దగ్గర కొత్త శిఖరం కనబడింది. ఆ పదార్థం 7.2 కెల్విన్ దగ్గర అతివాహకమవుతుంది. కానీ అంతకు ముందే, 33 కెల్విన్ దగ్గరే, అందులో ఆవేశపు సాంద్రత అలలుగా గడ్డకడుతుంది. ఆ అలల కంపనాలు రామన్ కాంతికి బాగా కనబడతాయి. అతివాహకపు పరిమాణం ఊగినప్పుడు ఆ అలలూ కదులుతాయి కాబట్టి, హిగ్స్ మోడ్ వాటి వెలుగును అరువు తెచ్చుకుని కనిపించిందని 1981లో లిటిల్‌వుడ్, చంద్ర వర్మ వివరించారు. అరువు ఇచ్చే చుట్టం లేని మామూలు అతివాహకాల్లో మాత్రం చీకటి అలాగే ఉండిపోయింది.

బాణాల గుంపు

లోపల జరిగేది పట్టుకోవడానికి ఆండర్సన్ 1958లో ఇచ్చిన చిత్రమే ఇప్పటికీ అందరి చేతిలో ఉంది. ఎలక్ట్రాన్లు జతగా కూర్చోగల ఒక్కో స్థానానికీ ఒక్కో చిన్న బాణం గీయాలి. ఆ స్థానంలో జత ఉంటే బాణం పైకి, ఖాళీ అయితే కిందికి. క్వాంటం నియమాల వల్ల జత ఉందో లేదో తేల్చని స్థితి కూడా కుదురుతుంది. అప్పుడు బాణం పక్కకు వాలుతుంది. పక్కకు వాలిన భాగాలన్నీ కలిపితే వచ్చే మొత్తమే అతివాహకపు బలం.

ఇక్కడే ఉంది కిటుకు. ప్రతి బాణమూ ఒక క్షేత్రం చూపే దిక్కుకు తిరిగి నిలబడుతుంది. ఆ క్షేత్రం బయటినుంచి వచ్చింది కాదు, బాణాలన్నీ కలిసి తయారుచేసిందే. ఎన్నుకునేదీ వాళ్ళే, ఎన్నికయ్యేదీ వాళ్ళ మొత్తమే అన్నమాట. ఇప్పుడు ఒక కుదుపుతో ఆ క్షేత్రాన్ని హఠాత్తుగా మార్చితే బాణాలు కొత్త దిక్కుకు వెంటనే వాలవు. బొంగరంలా దాని చుట్టూ తల తిప్పడం మొదలుపెడతాయి. అవి తిరుగుతుంటే వాటి మొత్తం మారుతుంది, మొత్తం మారితే క్షేత్రం మారుతుంది, క్షేత్రం మారితే బాణాల తిరుగుడు మళ్ళీ మారుతుంది. ఈ చక్రమంతా కలిసి ఊగడమే హిగ్స్ మోడ్. ఏ ఒక్క బాణానికీ అది సొంతం కాదు.

ఊపు ఎలా చల్లారుతుందో 1973లో వోల్కోవ్, కోగన్ లెక్కగట్టారు. చెక్కభజన ఊహించుకుంటే ఆ లెక్క అర్థమవుతుంది. వందమంది ఒకే క్షణాన చెక్కలు మొదలుపెట్టారు గానీ ఒక్కొక్కరి నడకలో కొద్దికొద్దిగా తేడా ఉంది. కాసేపటికి దెబ్బలు కలవవు. ఎవరూ వాయించడం ఆపలేదు, అయినా జమిలిగా పుట్టే మోత పలచబడుతుంది. అతివాహకంలో ఒక విశేషం ఉంది. బాణాల నడకల్లో అన్నిటికంటే నెమ్మదైనది గ్యాప్‌కు రెట్టింపు దగ్గర ఉంటుంది, ఆ నెమ్మది నడక చుట్టూనే ఎక్కువ బాణాలు గుమిగూడి ఉంటాయి. అందుకే మోత ఆ నడక మీదే నిలిచి, కాలపు వర్గమూలానికి విలోమంగా, చాలా నింపాదిగా తగ్గుతుంది. ఇందులో రాపిడి లేదు, వేడి లేదు. తాళం తప్పడం తప్ప పోయిందేమీ లేదు.

2004 తర్వాత బరాంకోవ్, లెవిటోవ్, యుజ్బాష్యాన్ తదితరులు ఇదే లెక్కను పెద్ద కుదుపులకు పొడిగించారు. అప్పుడు మూడు గతులు బయటపడ్డాయి. కుదుపు మరీ గట్టిదైతే జతల బలం ఊగకుండానే సున్నాకు పడిపోతుంది. మోస్తరుదైతే ఊగుతూ, మునుపటికంటే తక్కువైన ఒక విలువ దగ్గర కుదురుకుంటుంది. మూడో గతి విచిత్రం: బలహీనమైన జతల మీద ఆకర్షణను హఠాత్తుగా పెంచితే, అభిఘాతాలు అడ్డం రానంతవరకు ఊపు చల్లారనే చల్లారదు. బాణాలన్నీ ఒకే తాళానికి కట్టుబడిపోతాయి.

టోక్యోలో రెండు ప్రయోగాలు

కొట్టాలంటే తగిన కర్ర కావాలి. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే 800 నానోమీటర్ల లేజర్‌లో ఒక్కో ఫోటాన్ శక్తి 1.55 ఎలక్ట్రాన్‌వోల్టులు, అంటే నియోబియం నైట్రైడ్ జత తెగే శక్తికి 300 రెట్లు. దానితో అతివాహకాన్ని కొట్టడం వీణను రోకలితో మీటడమే. విడిపోయిన ఎలక్ట్రాన్లు కంపనాలను పుట్టిస్తాయి, ఆ కంపనాలు మరిన్ని జతలను విడగొడతాయి. ఈ గందరగోళం పికోసెకన్లపాటు సాగుతుంటే అంతకంటే త్వరగా జరిగే ఊపు అందులో మునిగిపోతుంది. కావలసింది ఫోటాన్ శక్తి గ్యాప్ స్థాయిలోనే ఉండి, పల్సు మాత్రం ఒక్క ఊపుకంటే పొట్టిగా ఉండే కాంతి. అది టెరాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది, మైక్రోవేవ్‌కూ పరారుణానికీ నడుమ. అంత బలమైన, ఒకే ఒక్క ఆవృత్తి పొడవున్న టెరాహెర్ట్జ్ పల్సులు లిథియం నియోబేట్ స్ఫటికాల్లోంచి రావడం ఈ శతాబ్దంలోనే సాధ్యమైంది.

2013లో టోక్యో విశ్వవిద్యాలయంలో ర్యో షిమానో బృందం, మత్సునాగా ముఖ్య రచయితగా, నియోబియం టైటానియం నైట్రైడ్ పలుచటి పొరల మీద అలాంటి పల్సుతో కొట్టింది. వెనకే బలహీనమైన మరో పల్సును పంపి, రెంటి మధ్య ఆలస్యాన్ని కొంచెం కొంచెం మారుస్తూ పొర స్పందన కొలిచింది. ఆ స్పందన ఊగింది. ఊపు పౌనఃపున్యం, కుదుపు తర్వాత మిగిలిన గ్యాప్‌కు రెట్టింపుతో సరిపోయింది. కొట్టుడు బలం పెంచితే గ్యాప్ తగ్గింది, ఊపూ దానితోపాటే నెమ్మదించింది. సిద్ధాంతం చెప్పిన రెండో గతి ఇదే. అదే ఏడాది అక్టోబరులో హిగ్స్, ఎంగ్లర్ట్‌లకు నోబెల్ ప్రకటించారు.

2014 నాటి రెండో ప్రయోగం ఇంకా సొగసైనది. ఈసారి ఒక్క దెబ్బ కాదు, చాలా ఆవృత్తులున్న పొడవాటి పల్సు, పౌనఃపున్యం సుమారు 0.6 టెరాహెర్ట్జ్. విద్యుత్ క్షేత్రం కుడికి నెట్టినా ఎడమకు నెట్టినా జతలకు పడే దెబ్బ ఒకటే. కాబట్టి కాంతి ఒక్కసారి ఊగితే జతల బలానికి రెండు దెబ్బలు పడతాయి. కాంతికి నేరుగా పిలక దొరకకపోయినా, దాని వర్గానికి దొరికిందన్నమాట. ఆ రెట్టింపు పౌనఃపున్యంతో ఊగుతున్న జతల మీద మళ్ళీ అదే కాంతి పనిచేస్తే, బయటికి మూడు రెట్ల పౌనఃపున్యమున్న కాంతి వస్తుంది. 0.6 పంపితే 1.8 తిరిగొచ్చింది.

శ్రుతి కలపడానికి కాంతిని మార్చలేదు, ఉష్ణోగ్రతను మార్చారు. వెచ్చబడేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. తంబూరా మీద పూస జరిపి శ్రుతి సరిచూసుకున్నట్టు ఒక్కో డిగ్రీ జరుపుకుంటూ పోతే, గ్యాప్ రెట్టింపు కాంతి పౌనఃపున్యపు రెట్టింపుతో కలిసిన ఉష్ణోగ్రత దగ్గర ఆ మూడు రెట్ల కాంతి ఒక్కసారిగా ఎగసింది. అనునాదం దొరికింది.

విన్నది ఎవరి గొంతు?

2016లో రోమ్ నుంచి చేయా, కాస్తెల్లాని, బెన్‌ఫత్తో ఒక చిక్కు ప్రశ్న వేశారు. గ్యాప్‌కు రెట్టింపు దగ్గర ఇద్దరు కాపురం ఉంటున్నారని వాళ్ళు గుర్తుచేశారు. ఒకరు హిగ్స్ మోడ్. రెండోవారు, కాంతి వల్ల విడివిడిగా తెగే జతలు, అంటే ఎలక్ట్రాన్ సాంద్రతలో వచ్చే ఒడిదుడుకులు. అక్కడ రెండూ ఎగుస్తాయి. పైగా మలినాలు లేని ఆదర్శ స్ఫటికానికి లెక్కకడితే రెండోవారి గొంతే చాలా పెద్దది. హిగ్స్ వాటా దాని ముందు గుసగుస. అయితే టోక్యోలో మోగిందేమిటి?

తేడా పట్టే దారి ఒకటి ఉంది. హిగ్స్ మోడ్‌కు దిక్కు లేదు కాబట్టి కాంతి ధ్రువణాన్ని, అంటే దాని విద్యుత్ క్షేత్రం ఊగే దిక్కును, స్ఫటికపు అక్షాలకు ఎటు తిప్పినా దాని వాటా మారకూడదు. సాంద్రత ఒడిదుడుకుల వాటా మాత్రం మారాలి. 2017లో షిమానో బృందం నియోబియం నైట్రైడ్ మీదే ఆ పరీక్ష చేసింది. తిప్పినా మారలేదు. ఫలితం హిగ్స్‌వైపే మొగ్గింది, కానీ లెక్క మాత్రం ససేమిరా అంటోంది. ప్రయోగానికీ సిద్ధాంతానికీ ఇంత ఎడం వస్తే సాధారణంగా లెక్కలో ఏదో మరిచిపోయినట్టు. ఇక్కడ మరిచిపోయింది మురికి.

అతివాహకానికి మామూలు మలినాల వల్ల పెద్ద హాని లేదని 1959లో ఆండర్సనే చూపించాడు. మళ్ళీ ఆయనే. ఈ రంగంలో ఎటు తవ్వినా ఆయన పలుగు గుర్తు కనిపిస్తుంది. హాని లేదు కదా అని హిగ్స్ లెక్కల్లో చాలామంది మలినాలను పక్కనపెట్టేశారు. కానీ నియోబియం నైట్రైడ్ పొరలు మహా మురికివి. ఎలక్ట్రాన్ ఒక గుద్దుకూ మరో గుద్దుకూ మధ్య ప్రయాణించే దూరం, జత పరుచుకున్న మేరకంటే చాలా తక్కువ.

మురికి చేసే పని ఇది. 0.6 టెరాహెర్ట్జ్ కాంతి తరంగదైర్ఘ్యం అర మిల్లీమీటరు ఉంటుంది. ఎలక్ట్రాన్ల లోకంలో అది ఎల్లెడలా ఒకేలా ఉండే క్షేత్రం. శుద్ధ స్ఫటికంలో అలాంటి క్షేత్రం ఎలక్ట్రాన్లన్నిటినీ కలిపి అటూఇటూ నెడుతుంది తప్ప, ద్రవ్యవేగం మార్చి జతను తెంచలేదు. మలినం ఉంటే ఎలక్ట్రాన్ దాన్ని తన్ని ఆ లోటు ద్రవ్యవేగాన్ని సంపాదించుకుంటుంది. మురికి అతివాహకం గ్యాప్‌కు పైన కాంతిని శోషించగలగడానికి కారణం ఇదేనని 1958 నుంచీ, మాటిస్, బార్డీన్ లెక్క నుంచీ, తెలుసు. 2019, 2020 ప్రాంతంలో మురొతానీ, షిమానో, సిలాయెవ్, త్సుజీ, నొమూరా ఇదే దారిని హిగ్స్ మోడ్ లెక్కలో చేర్చారు. చేర్చగానే మోడ్‌ను కాంతి కదిపే బలం ఎన్నో రెట్లు పెరిగింది. శుద్ధ స్ఫటికంలో గుసగుసగా ఉన్నది మురికి పొరలో గొంతెత్తింది.

దీనితో కేసు ముగిసిందని అనుకోనక్కర్లేదు. అదే మురికి రెండోవారి గొంతునూ పెంచుతుందని, దాని దిక్కు గుర్తులను చెరిపేయగలదని తర్వాతి లెక్కలు చూపాయి. అప్పుడు ధ్రువణ పరీక్ష తీర్పు మునుపటంత స్పష్టంగా ఉండదు. నిజానికి హిగ్సా కాదా అన్న ప్రశ్నే కొంత మొరటుది. బాణాల మొత్తమే క్షేత్రమైనప్పుడు, విడి బాణాల అలజడినీ మొత్తపు ఊపునూ కత్తితో కోసినట్టు వేరుచేయడం కుదరదు. ఏ పదార్థంలో, ఎంత మురికిలో, ఎవరి వాటా ఎంత అని అడగడమే న్యాయం.

తగవును చుట్టుతిరిగి దాటే ఒక ఉపాయం కూడా ఉంది. 2017లో మూర్, వోల్కోవ్, ఎఫెటోవ్ ఒక సూచన చేశారు: అతివాహకంలో నిరంతర విద్యుత్ ప్రవాహం నడుస్తూ ఉంటే, జతల సమూహానికి ఒక దిక్కు వచ్చేస్తుంది. అప్పుడు కాంతి ప్రవాహం వైపు నెట్టడం, ఎదురు నెట్టడం ఒకటి కావు. ఒకటి జతలను ఇంకా బలహీనపరుస్తుంది, మరొకటి సేదతీరుస్తుంది. దాంతో హిగ్స్ మోడ్‌కు లేని పిలక మొలుస్తుంది, బలమైన పల్సులు లేకుండా మామూలు శోషణలోనే కనబడాలి. 2019లో షిమానో బృందమే నియోబియం నైట్రైడ్ పొరలోకి ప్రవాహం పంపి, గ్యాప్‌కు రెట్టింపు దగ్గర ఆ శిఖరాన్ని చూపింది. ఉన్న ఆధారాల్లో ఇదే అన్నిటికంటే సూటిగా ఉంది.

మురికి ఇంకా ముదిరి అతివాహకత్వమే కూలిపోయే గట్టు దగ్గర ఏమవుతుందన్నది పక్క కథ. 2015లో ఇజ్రాయెల్, జర్మనీ, అమెరికా పరిశోధకులతో పాటు ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారూ కలిసి, నియోబియం నైట్రైడ్, ఇండియం ఆక్సైడ్ పొరల్లో గ్యాప్‌కు దిగువనే అదనపు శోషణ ఉందని, అది హిగ్స్ మోడ్‌దేనని ప్రకటించారు. దానికి వేరే వివరణలూ వచ్చాయి.

మిగతా స్వరాలు

హిగ్స్ ఒక్కటే కాదు. రెండు రకాల ఎలక్ట్రాన్ గుంపులు విడివిడిగా జతలు కట్టే అతివాహకంలో, ఒక గుంపు ఫేజ్ మరోదానికి ఎదురుగా ఊగవచ్చని 1966లో లెగెట్ చెప్పాడు. గుంపులు ఒకదానికొకటి ఎదురు ఊగితే మొత్తం ఆవేశం ఎక్కడా పోగవదు కాబట్టి ఇది ప్లాస్మా ఎత్తుకు పారిపోదు. 2001లో 39 కెల్విన్ దగ్గర అతివాహకంగా బయటపడిన మెగ్నీషియం డైబోరైడ్ దానికి తగిన వేదికైంది. 2007లో రామన్ కొలతల్లో, 2019లో టెరాహెర్ట్జ్ పల్సులతో దాన్ని పట్టుకున్నారు. పొరలు పొరలుగా ఉండే రాగి ఆక్సైడ్లలో పొర నుంచి పొరకు జతలు దూకే ఊపు, జోసెఫ్‌సన్ ప్లాస్మాన్, కొన్నిటిలో టెరాహెర్ట్జ్ ప్రాంతంలోనే పడుతుంది. ఆ ఆక్సైడ్లలో గ్యాప్ కొన్ని దిక్కుల్లో సున్నా అవుతుంది కాబట్టి హిగ్స్ ఊపు అక్కడ ఇంకా త్వరగా చల్లారిపోవాలి. అయినా 2018 నుంచి వాటిలోనూ టెరాహెర్ట్జ్ సంకేతాలు దొరుకుతున్నాయి. వాటి అర్థం మీద తగవు నియోబియం నైట్రైడ్ తగవుకంటే జటిలమైనది.

కుదిపితే బలపడుతుందా?

కాంతితో కొడితే జతలు తెగాలి, అతివాహకం బలహీనపడాలి. 1960ల మధ్యలోనే ఇందుకు విరుద్ధమైనది కనిపించింది. అతివాహకపు సన్నని వంతెనల మీద మైక్రోవేవ్ పడితే అవి మోయగల ప్రవాహం పెరిగింది. వ్యాట్, డేయెమ్ పేర్లతో పిలిచే ఈ ప్రభావాన్ని 1970లో ఎలియాష్‌బర్గ్ వివరించాడు. జతలు కట్టని ఎలక్ట్రాన్లు గ్యాప్ అంచునే కూర్చుని, జతలకు కావలసిన స్థానాలను ఆక్రమిస్తాయి. బస్సు ఎక్కే మెట్ల దగ్గరే నిలబడి దారి మూసేసిన ప్రయాణికుల్లాంటివవి. మైక్రోవేవ్‌కు జతను తెంచే శక్తి లేదు గానీ, ఈ ప్రయాణికులను లోపలికి జరిపే శక్తి ఉంది. బస్సులో జనం తగ్గలేదు, మెట్లు ఖాళీ అయ్యాయి. గ్యాప్ పెరిగింది.

ఇప్పటి వాదాలు ఇంతకంటే సాహసమైనవి. హాంబర్గ్‌లో కవల్లేరి బృందం 2016లో, 20 కెల్విన్ దగ్గర అతివాహకమయ్యే పొటాషియం ఫుల్లరీన్‌ను (బంతుల్లాంటి కార్బన్ అణువుల మధ్య పొటాషియం చేరిన పదార్థాన్ని) మధ్య పరారుణ కాంతితో కొడితే 100 కెల్విన్ దాకా అతివాహకం లాంటి స్పందన వచ్చిందని ప్రకటించింది. మొదట అది కొన్ని పికోసెకన్లే నిలిచింది, తర్వాతి ప్రయోగాల్లో నానోసెకన్ల దాకా సాగింది. 2024లో యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్‌లో కాంతి పడ్డ క్షణాన అయస్కాంత క్షేత్రం బయటికి నెట్టబడుతోందని కూడా చూపారు. విమర్శకులు అడిగే ప్రశ్న కొలతల గురించి. కాంతి పదార్థంలోకి లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది, ఆ తగ్గుదలను లెక్కలో ఎలా పరిచారన్నదాన్ని బట్టి మామూలు లోహపు స్పందన కూడా అతివాహకంలా కనిపించవచ్చు. ఆ అయస్కాంత కొలత ఈ వాదనకు లొంగదు, అందుకే దాని బరువు ఎక్కువ. అయినా ‘అతివాహకం లాంటి’ అన్న మాటలోని ‘లాంటి’ని తీసేసే సమయం ఇంకా రాలేదు.

ఘనపదార్థంలో కనబడనిది ఆ మూడో గతి, చల్లారని ఊపు. కాంతి పల్సు జతలను తెంచగలదు గానీ, ఎలక్ట్రాన్ల మధ్య ఆకర్షణను ఒక పికోసెకనులో పెంచే మీట ఎవరిదగ్గరా లేదు. అందుకే అమెరికాలో కొలరాడోలోని జిలా అనే భౌతికశాస్త్ర సంస్థ పరిశోధకులు అతివాహకాన్నే వదిలేశారు. రెండు అద్దాల మధ్య చల్లటి స్ట్రాన్షియం పరమాణువులను నిలబెట్టి, ఒక్కో పరమాణువును ఆండర్సన్ గీసిన ఒక్కో బాణంగా తీసుకున్నారు. అద్దాల మధ్య ఫోటాన్ల మారకమే వాటి ఆకర్షణ. ఆ ఆకర్షణను, పరమాణువుల శక్తుల్లోని తేడాలను చేత్తో తిప్పినట్టు మార్చవచ్చు. ఊపులు కూడా పికోసెకన్లలో కాక మైక్రోసెకన్లలో సాగుతాయి కాబట్టి జరుగుతున్నప్పుడే చూడవచ్చు. 2024 జనవరిలో వెలువడిన ఫలితాల్లో మూడు గతులూ ఉన్నాయి. ఒకే పరికరంలో మీటలు తిప్పుకుంటూ ఒకదాన్నుంచి మరోదానికి వెళ్ళగలిగారు. లోహమూ లేదు, ఎలక్ట్రాన్ల జతలూ లేవు, 1958 నాటి బాణాలు మాత్రం చెప్పినట్టే తిరిగాయి.